నికోటిన్ పౌచ్ ప్రభావము ఎంతకాలము నిలుచును?

చిటికెన వ్రేలి మొదటి కణుపంత పరిమాణము గలిగి, టీ సంచివలె తెల్లగా నుండు ఒక చిన్న పొట్లమును పై పెదవికిని చిగురుకును నడుమ నుంచుకొని, అరగంటయో గంటయో గడచిన పిమ్మట తీసి పారవేయు అలవాటు ఇటీవలి సంవత్సరములలో అనేక దేశముల యువజనులలో వ్యాపించినది. దీనినే నికోటిన్ పౌచ్ అందురు. ఇందులో పొగాకు ఆకు ఉండదు. మొక్కల పీచునుండి చేసిన తెల్లని పొడి, దానికి పట్టించిన నికోటిన్, తీపి పదార్థము, పుదీనా వంటి సువాసన, కొద్దిపాటి క్షారము, ఇవియే ఇందలి వస్తువులు. పొగ లేదు, కంపు లేదు, ఉమ్మివేయ నక్కరలేదు. ప్రక్కన కూర్చున్నవానికి సైతము తెలియదు. తరగతిలో పాఠము వినుచున్న విద్యార్థి నోటిలో ఇది యున్నను ఉపాధ్యాయుడు గుర్తింపజాలడు.

దీని ప్రభావము ఎంతసేపు నిలుచునని అడిగినచో, వాడువారు సాధారణముగా అరగంట యనియో గంట యనియో చెప్పుదురు. అది పొట్లము నోటిలో రుచినిచ్చు కాలమే కాని, నికోటిన్ శరీరములో నుండు కాలము కాదు. రుచి త్వరగా తీరును. తల తేలికపడినట్లు తోచుట మరికొంతసేపటికి తీరును. రక్తములోని నికోటిన్ ఇంకను చాలసేపు నిలుచును. దాని అవశేషము మూత్రములో దినముల తరబడి కనబడును. మెదడు దానిని కోరుట వారముల తరబడి సాగును. ఈ కాలములలో ఒకదానిని మరియొకదానిగా భ్రమించుటవలన, దినమునకు ఒక్కటి వాడువాడు ఆరు వాడువాడుగను, ఆరు వాడువాడు పదునైదు వాడువాడుగను మారుచుండును.

నికోటిన్ అను పేరు జాన్ నికో అను ఫ్రెంచి రాయబారినిబట్టి వచ్చినది. ఆయన 1560లో లిస్బన్ నగరమునుండి ఫ్రాన్సు రాజాస్థానమునకు పొగాకును పంపెను. పొగాకులోని ఈ సారమును 1828లో జర్మనీ దేశమందలి హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అను నిరువురు మొదటిసారి వేరుచేసిరి. స్వచ్ఛమైన స్థితిలో అది రంగులేని నూనెవంటి ద్రవము. దానిని పంటలపై పురుగులమందుగా చిరకాలము వాడిరి. పైరుపై పొగాకు కషాయము చల్లుట తెలుగు రైతులకు క్రొత్త విషయము కాదు. పౌచ్ మాత్రము స్వీడన్ దేశపు అలవాటునుండి పుట్టినది. ఆ దేశమున తడిపొగాకు పొడిని పెదవిక్రింద నుంచుకొను ఆచారము ప్రాచీనమైనది; దానిని స్నూస్ అందురు. అందలి పొగాకును తీసివేసి నికోటిన్‌ను మాత్రము మిగిల్చిన రూపమే పౌచ్ అని చెప్పవచ్చును.

చిగురునుండి రక్తమునకు

సిగరెట్టు కాల్చువాని విషయములో నికోటిన్ పొగతోపాటు ఊపిరితిత్తులకు చేరి, 10 మొదలు 20 సెకండ్లలోనే మెదడును తాకును. పౌచ్ మార్గము ఇంత వేగమైనది కాదు. పొట్లములోని నికోటిన్ ముందుగా లాలాజలములో కరుగవలెను. పిమ్మట పెదవి లోపలి పలుచని పొరగుండ మెల్లగా రక్తములోనికి ఇంకవలెను. కొన్ని నిమిషములలోనే నాడి వేగము హెచ్చుట కనబడవచ్చును గాని, రక్తములో నికోటిన్ పరిమాణము అత్యధికమగుటకు సుమారు అరగంట మొదలు గంట వరకు పట్టును. పొట్లమును తీసి పారవేయు సమయమునకే అది శిఖరమునకు చేరుచుండును. కావున పొట్లము బయటికి వచ్చినదన్న మాట ప్రభావము ముగిసినదన్న మాట కాదు. అనేకమారులు అప్పుడే అది పూర్ణస్థాయికి వచ్చుచున్నదని అర్థము.

ఇచ్చట క్షారము చేయు పనిని కొంత వివరముగా తెలిసికొనుట అవసరము. ఖైనీ వాడువాడు పొగాకును అరచేతిలో వేసికొని, దానికి సున్నము చేర్చి, బొటనవ్రేలితో చాలసేపు నలుపును. సున్నము ఘాటునిచ్చునని అతడు చెప్పును. ఆ ఘాటుకు రసాయన కారణము గలదు. నికోటిన్ రెండు రూపములలో నుండును: ఒకటి విద్యుదావేశము గల రూపము, రెండవది ఆవేశములేని స్వేచ్ఛారూపము. నోటి పొరను సులభముగా దాటగలది రెండవది మాత్రమే. ఆమ్ల, క్షార గుణములను కొలుచు మానములో 7 తటస్థము. ఆ స్థితిలో నికోటిన్‌లో సుమారు పదవవంతు మాత్రమే స్వేచ్ఛారూపమున నుండును. మానము 8కి హెచ్చినచో సగము, 9కి హెచ్చినచో పదింట తొమ్మిది వంతులు స్వేచ్ఛారూపమును పొందును. అనగా పొగాకు పరిమాణము పెంచకయే, చిటికెడు సున్నముతో రక్తమునకు చేరు నికోటిన్‌ను ఎన్నోరెట్లు పెంచవచ్చునన్న మాట.

బట్టల సోడా అని జనులు పిలుచు సోడియం కార్బొనేటు పౌచ్‌లో ఈ పనినే చేయును. పరదేశపు కర్మాగారములో యంత్రము నింపిన తెల్లని పొట్లమునకును, రైలు పెట్టెలో ప్రయాణికుడు అరచేతిలో నలుపుకొను ఖైనీకిని పైకి ఏమియు పోలిక కనబడదు. నికోటిన్ విషయమున మాత్రము రెండింటి యుపాయము ఒక్కటే. గాలికి ఆరిన ఆకుతో చుట్టిన చుట్టల సంగతియు ఇట్టిదే. వాటి పొగకు క్షారగుణ మధికము. కావుననే పొగను గుండెలలోనికి పీల్చని చుట్టరాయనికి కూడ నోటినుండియే నికోటిన్ అందును.

దీనినిబట్టి మరియొక సంగతి తేలుచున్నది. రెండు పౌచ్‌ల డబ్బాలపై ఒకే మిల్లీగ్రాముల సంఖ్య యున్నను, వాటి బలము సమానము కాకపోవచ్చును. ఒక గంటసేపు నోటిలో నుంచినను పొట్లములోని నికోటిన్‌లో సగమునకు అటునిటుగా మాత్రమే బయటికి వచ్చునని పరీక్షలలో కనబడినది; ఎంత వచ్చునన్నది క్షారమునుబట్టియు, తడినిబట్టియు, వాడువాడు పొట్లమును నాలుకతో కదలించుటనుబట్టియు మారును. అప్పుడే కాఫీయో శీతలపానీయమో త్రాగియున్నచో నోటిలో ఆమ్లగుణము హెచ్చి, ఇంకుట తగ్గును. నికోటిన్ చూయింగ్ గమ్ వాడువారిని, దానికి 15 నిమిషముల ముందునుండి అట్టి పానీయములు మానవలెనని వైద్యులు చెప్పుటకు కారణ మిదియే. మ్రింగిన రసములోని నికోటిన్ చాలభాగము కాలేయములోనే విరిగిపోవును. అయినను ఆ రసము కడుపును కలచివేసి వెక్కిళ్ళు, వికారము, గుండెమంట కలిగించును.

రెండు గంటల లెక్క

రక్తమునకు చేరిన నికోటిన్‌ను ప్రధానముగా కాలేయము విరుగగొట్టును. పెద్దవారిలో సుమారు 2 గంటలకు రక్తములోని నికోటిన్ సగమగును. దీనిని అర్ధాయువు అందురు. రెండు గంటలలో సగము పోయినచో నాలుగు గంటలలో మొత్తము పోవునని పలువురు తలంతురు. అది పొరపాటు. రెండవ రెండు గంటలలో పోవునది మిగిలిన సగములో సగము మాత్రమే. నాలుగు గంటలకు నాలుగవ వంతు, ఆరు గంటలకు ఎనిమిదవ వంతు, ఎనిమిది గంటలకు పదునారవ వంతు మిగులును.

ఒక కార్యాలయములో పనిచేయు యువకుని ఉదాహరణముగా తీసికొందురు గాక. అతడు ఉదయము 9 గంటలకు మొదటి పౌచ్ నుంచుకొనును. 10 గంటలకు అతని రక్తములో నికోటిన్ 10 పాళ్ళున్నదని లెక్కకొరకు అనుకొనవచ్చును. 11 గంటలకు రెండవది నుంచుకొనును. 12 గంటలకు మొదటిదానిలో 5 పాళ్ళు మిగిలియుండగా రెండవదాని 10 పాళ్ళు చేరి మొత్తము 15 అగును. ఇట్లే మధ్యాహ్నము 1, 3, 5 గంటలకును, రాత్రి 7 గంటలకును ఒక్కొక్కటి వాడినచో, 2 గంటలకు పదునేడున్నర, 4 గంటలకు సుమారు 19, రాత్రి 8 గంటలకు దాదాపు 20 పాళ్ళకు చేరును. పిమ్మట రెండు గంటలకొకటి చొప్పున ఎన్ని వాడినను ఆ పరిమాణము 20 దాటదు. ఏలయన చేరుచున్నంత నికోటిన్‌ను కాలేయము తొలగించుచుండును. కాని రెండు గంటలకు బదులు గంటకొకటి చొప్పున వాడినచో ఆ హద్దు చాల పైకి పోవును.

ఆరవ పౌచ్‌తో అతడు ఆ దినమునకు ముగించెననుకొన్నచో, రాత్రి 10 గంటలకు 10 పాళ్ళు, అర్ధరాత్రికి 5, తెల్లవారుజాము 4 గంటలకు ఒకటికి కొంచెము పైగా, 6 గంటలకు అర పాలునకు కొంచెము పైగా అతని రక్తములో మిగిలియుండును. అతడు నిద్రించుచున్నాడు, నికోటిన్ మాత్రము రాత్రియంతయు రక్తములో తిరుగుచునే యున్నది. పండుకొనుటకు ముందు వాడువారికి నిద్ర ఆలస్యముగా పట్టుటయు, మధ్యలో మెలకువ వచ్చుటయు ఇందువలననే. మరునాటి ఉదయము అలసటగా లేచినవాడు, ఆ అలసట తీరుటకే మరల పౌచ్‌ను వెదకుకొనును.

ఈ లెక్క అందరికి ఒక్కతీరున వర్తింపదు. నికోటిన్‌ను విరుగగొట్టు కాలేయపు ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందముగా పనిచేయును. అట్టివారి రక్తములో నికోటిన్ ఎక్కువసేపు నిలుచును. స్త్రీలలో సగటున కొంత త్వరగా తొలగును. గర్భిణులలో ఇంకను త్వరగా తొలగును. వృద్ధులలోను, మూత్రపిండముల వ్యాధి గలవారిలోను ఆలస్యమగును. భోజనానంతరము కాలేయమునకు రక్తప్రవాహము హెచ్చుటచేత నికోటిన్ తొలగుట వేగమగును. అన్నము తినిన వెంటనే పొగాకు కావలెననిపించుటకు అలవాటుతోపాటు ఇదియు ఒక కారణము కావచ్చును.

తోచుట ఏల ముందుగా తీరును?

రక్తములో 20 పాళ్ళుండగా ఆ యువకునికి సాయంకాలము ఏమియు తోచకపోవుటయు, ఉదయము 10 పాళ్ళకే తల తిరిగినట్లగుటయు వింతగా కనబడవచ్చును. దీనికి సమాధానము నరములలో నున్నది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయమునందు లాంగ్లీ, డికిన్సన్ అను శాస్త్రవేత్తలు 1889లో జంతువుల నరముల ముడులపై నికోటిన్ పూసి పరీక్షించిరి. నికోటిన్ మొదట నరమును ప్రేరేపించి, వెనువెంటనే దానిద్వారా సందేశము పోకుండ అడ్డగించెను. ఒకే వస్తువు ముందు లేపి, పిదప నిద్రపుచ్చినట్లయినది. కణములలో ఇట్టి వస్తువులను అందుకొను ప్రత్యేక పదార్థము ఉండవలెనని లాంగ్లీ 1905లో ప్రతిపాదించెను. నేడు వాటినే గ్రాహకములందురు.

మెదడులోని గ్రాహకములను నికోటిన్ తాకినప్పుడు డోపమిన్ అను పదార్థము విడుదలయగును. దానితో తృప్తి కలిగినట్లు తోచును. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులనుండి అడ్రినలిన్ వెలువడి నాడి వేగమును, రక్తపుపోటును హెచ్చించును. కాని గ్రాహకము నికోటిన్‌తో కొంతసేపు తడిసియున్నచో మొద్దుబారిపోవును. నికోటిన్ ఎదురుగా నున్నను అది పలుకదు. రాత్రి నికోటిన్ తగ్గిన పిమ్మట గ్రాహకములు మరల మేలుకొనును. కావుననే దినములో మొదటి పౌచ్ బలముగా తోచును. రెండవది అంతగా తోచదు. ఐదవది కేవలము లోటు తీర్చినట్లుండును.

ఇక్కడనే మోసము జరుగుచున్నది. తోచుట తగ్గినదికదా యని ఆ యువకుడు నికోటిన్ అయిపోయినదని తలంచును; మరియొక పౌచ్ తీసికొనును, లేదా 3 మిల్లీగ్రాములది విడిచి 6 మిల్లీగ్రాములది కొనును. నికోటిన్ అయిపోలేదు, గ్రాహకము మొద్దుబారినది. తోచకున్నను గుండె మాత్రము అధిక వేగముతోనే పనిచేయుచుండును. హృద్రోగము, నాడి లయ తప్పు వ్యాధి, అధిక రక్తపుపోటు గలవారికి ఇది తేలికగా తీసికొనదగినది కాదు. రెండు పౌచ్‌లను ఒకేమారు నోటిలో నుంచుకొనువారికి, సిగరెట్టు, పౌచ్ రెండును వాడువారికి చెమటలు పట్టుట, ముఖము పాలిపోవుట, చేతులు వణకుట, వాంతులు అగుట కలవు. అట్టి సమయమున వెంటనే పొట్లమును తీసి, నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. అయినను అప్పటికే ఇంకిన నికోటిన్ తగ్గుటకు పైన చెప్పిన కాలము పట్టును గావున, వాడినవానిని ఒంటరిగా విడువరాదు.

నికోటిన్ పోయిన పిమ్మట దాని గుర్తు మిగులును. కాలేయము నికోటిన్‌లో నూటికి 70 మొదలు 80 పాళ్ళను కోటినిన్ అను పదార్థముగా మార్చును. కోటినిన్ సగమగుటకు సుమారు 16 గంటలు పట్టును. కావున చివరి పౌచ్ వాడిన మూడు నాలుగు దినముల వరకును, అధికముగా వాడువారిలో అంతకు మించియు, రక్తములోను లాలాజలములోను మూత్రములోను అది కనబడును. భీమా సంస్థలును, శస్త్రచికిత్సకు ముందు కొందరు వైద్యులును చేయించు పరీక్ష దీనికే. సిగరెట్టు మాని పౌచ్ వాడువాడు తాను పొగ త్రాగలేదని నిజమే చెప్పినను, ఆ పరీక్షలో కోటినిన్ కనబడును.

పసివారి విషయము

గర్భిణి వాడిన నికోటిన్ మాయను దాటి గర్భస్థశిశువును చేరును. పుట్టిన శిశువు కాలేయము ఇంకను పరిపక్వము కానిది. పెద్దవారిలో 2 గంటలలో సగమగు నికోటిన్ నవజాతశిశువులో సగమగుటకు సుమారు 11 గంటలు పట్టును. తల్లి రక్తములోకంటె చనుబాలలో నికోటిన్ దాదాపు మూడింతలుండును. తల్లికి ఒక పూటతో తీరినదనిపించినది బిడ్డకు ఒక దినమంతయు తీరదని దీనినిబట్టి తెలియును. పొగ లేదు గనుక హాని లేదను మాట ఇచ్చట ఏమాత్రము చెల్లదు.

మరియొక ప్రమాదము ఇంటి నేలపై నుండును. వాడి పారవేసిన పొట్లములో సగము నికోటిన్ మిగిలియుండునని పైన చెప్పబడినది. అది తెల్లగా, మెత్తగా, తీపిగా, పుదీనా వాసనతో నుండును. ప్రాకులాడు బిడ్డకు అది మిఠాయియే. పసిబిడ్డకు కొన్ని మిల్లీగ్రాముల నికోటిన్ కూడ వాంతులు, చొంగ కారుట, ముఖము పాలిపోవుట, మగత కలిగింపగలదు. పరిమాణము అధికమైనచో ఫిట్స్ వచ్చి ఊపిరి మందగించును. లక్షణములు తరచుగా గంటలోపలనే మొదలగును. బిడ్డ నోటిలో పౌచ్ కనబడినచో దానిని వ్రేలితో తీసి, నోరు తడిగుడ్డతో తుడిచి, వాంతి చేయింప ప్రయత్నింపక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108 లేదా 112 సంఖ్యకు ఫోను చేసినచో వాహనము లభించును. డబ్బాను వెంట తీసికొనిపోయినచో ఎన్ని మిల్లీగ్రాములో వైద్యునికి తెలియును.

చర్మముగుండ కూడ నికోటిన్ ఇంకును. మంచుతో తడిసిన పచ్చి పొగాకు కోసిన కూలీలకు ఆ సాయంకాలమునకు తలతిరుగుట, వాంతులు, నీరసము కలుగుట పొగాకు పండు దేశములన్నిటను వైద్యులు గమనించినదే. అది ఒకటి రెండు దినములకు తగ్గును. ఆ కూలీలలో ఎన్నడును పొగ త్రాగనివారును కలరు.

మానిన పిమ్మట

చివరి పౌచ్ తీసివేసిన కొన్ని గంటలకే అలవాటుపడినవానికి చిరాకు, తొందరపాటు, మనస్సు నిలువకపోవుట, ఆకలి హెచ్చుట మొదలగును. రెండవ, మూడవ దినములలో ఈ బాధ అత్యధికముగా నుండును. చాలమంది మరల మొదలిడునది ఆ దినములలోనే. పిమ్మట అది మెల్లగా తగ్గి, రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు పోవును. దీర్ఘకాలము నికోటిన్‌లో తడిసి, సంఖ్యలో పెరిగిన మెదడు గ్రాహకములు మరల సాధారణస్థితికి వచ్చుటకు 6 మొదలు 12 వారములు పట్టునని మెదడు చిత్రణ పరీక్షలవలన తెలిసినది. ఇరువదియైదు సంవత్సరముల వయస్సు వరకు మెదడు ఇంకను పెరుగుచునే యుండును గావున, విద్యార్థిదశలో పట్టిన అలవాటు పెద్దవారి అలవాటుకంటె గట్టిగా పట్టును.

అలవాటు ఎంత గట్టిదో తెలిసికొనుటకు ఒక సులభమైన ప్రశ్న గలదు. కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1978లో పొగ త్రాగువారికై ఒక ప్రశ్నావళి రచించెను. అది 1991లో సవరింపబడి నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది. అందలి ముఖ్యమైన ప్రశ్న: నిద్రలేచిన ఎంతసేపటికి మొదటిది కావలెను? ఐదు నిమిషములలోపల అనువానికి అలవాటు మిక్కిలి గట్టిది. గంట దాటిన పిమ్మట అనువానికి తక్కువ. తెల్లవారునప్పటికి రక్తములో అర పాలు మాత్రమే మిగులునను లెక్కను జ్ఞప్తియందుంచుకొన్నచో, ఈ ప్రశ్న యొక్క విలువ తెలియగలదు.

భారతదేశమున ఈ విషయమునకు ప్రత్యేక ప్రాముఖ్యము గలదు. 2016-17 సంవత్సరములలో జరిగిన వయోజన పొగాకు సర్వే ప్రకారము 15 సంవత్సరములు నిండినవారిలో నూటికి 21.4 మంది, అనగా సుమారు 19.9 కోట్ల జనులు, పొగలేని పొగాకును వాడుచుండిరి; అందులో ఖైనీ అగ్రస్థానమున నుండెను. ఖైనీ, గుట్కా వంటివి నోటి క్యాన్సరును కలిగించునని నిశ్చయముగా తేలినది. పొగాకు ఆకు లేని పౌచ్‌లో ఆ క్యాన్సరు కారకములు చాల తక్కువ. ఈ తేడాను దాచుట సత్యము కాదు. కాని తక్కువ హాని యను మాట చిరకాలము ఖైనీ వాడి దానిని మానజూచువానికి ఒక అర్థమును, ఏ అలవాటును లేని పదునారేండ్ల బాలునికి వేరొక అర్థమును ఇచ్చును. ఆ బాలునికి పౌచ్ ఒక క్రొత్త వ్యసనమే. పొట్లము నుంచుకొను చోట చిగురు ఎఱ్ఱబడుట, తెల్లని మచ్చ ఏర్పడుట, చిగురు వెనుకకు జరుగుట కలుగవచ్చును గావున దంతవైద్యునికి చూపించుకొనవలెను. ఆహారపదార్థములలో పొగాకును గాని నికోటిన్‌ను గాని చేర్చరాదని 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు శాసించుచున్నవి. ఎలక్ట్రానిక్ సిగరెట్లు 2019లో చట్టముచే నిషేధింపబడినవి.

మానదలచినవాడు ఒక్కమారుగా మానవచ్చును. లేదా వైద్యుని సలహాతో బలమును, సంఖ్యను క్రమముగా తగ్గింపవచ్చును. తగ్గించువాడు ముందుగా రాత్రి చివరి పౌచ్‌ను మానుట సులభము. నిద్ర బాగుపడుట వారములోనే కనబడవచ్చును. తరువాత రెండు పౌచ్‌ల మధ్య వ్యవధిని పెంచవలెను. కోరిక బలముగా వచ్చినప్పుడు అది సాధారణముగా కొన్ని నిమిషములలో దిగిపోవును. ఆ నిమిషములలో నీరు త్రాగుట, నడచుట, యాలకుల వంటివి నోటవేసికొనుట పలువురికి తోడ్పడినది. వక్కను మాత్రము ఆశ్రయింపరాదు. వక్కయు నోటి క్యాన్సరుకు కారణమే. అలవాటు గట్టిగా నున్నవారికి వైద్యుడు నికోటిన్ పట్టీని గాని వేరు మందును గాని సూచింపవచ్చును. పట్టీ నికోటిన్‌ను రోజంతయు మెల్లగా సమముగా అందించును. శిఖరములు, లోయలు లేనందున కోరిక తగ్గును.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో ప్రారంభించిన జాతీయ పొగాకు విమోచన ఫోను సేవ 1800-11-2356 సంఖ్యపై ఉచితముగా లభించును. 2018 సెప్టెంబరునుండి పొగాకు పొట్లములపై హెచ్చరికతోపాటు ఈ సంఖ్య ముద్రింపబడుచున్నది. ఫోను చేయువారు తాము దినమునకు ఎన్ని పౌచ్‌లు వాడుచున్నదియు, డబ్బాపై ఎన్ని మిల్లీగ్రాములని వ్రాసియున్నదియు, నిద్రలేచిన ఎంతసేపటికి మొదటిది వాడుచున్నదియు, రాత్రి చివరిది ఎప్పుడు తీసివేయుచున్నదియు ముందుగా ఒక కాగితముపై వ్రాసి యుంచుకొన్నచో సలహా యిచ్చువారికి పని సులభమగును.